‘తెలియజేస్తాం’ అన్న మాటకు ఒక తేదీ వేయండి

సంపాదకులకు నమస్కారం.

తిరుపతి బాలాజీ కాలనీలో నాకొక చిన్న జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని. ఎస్వీ యూనివర్సిటీ పిల్లలు, మహిళా యూనివర్సిటీ పిల్లలు, చుట్టుపక్కల హాస్టళ్ళలో ఉండేవాళ్ళు, వీళ్ళే నా గిరాకీ. రికార్డులు, ప్రాజెక్టు రిపోర్టులు, హాల్ టికెట్లు, తిరుమల సేవలకు డిప్ (లాటరీ) రిజిస్ట్రేషన్లు, ఏది అడిగితే అది చేసిస్తా. పరీక్షలు అయిపోయాయంటే మాత్రం జూన్, జూలై నెలల్లో ముప్పాతిక వంతు పని బయోడేటాలే. రేణిగుంట, ఏర్పేడు, శ్రీసిటీ వైపు ఎక్కడ ఇంటర్వ్యూలు ఉన్నా ముందురోజు రాత్రి తొమ్మిదిన్నరకు షట్టర్ సగం దించాక కూడా ఎవరో ఒకరు వంగి లోపలికి తల పెడతారు. ‘అన్నా, ఒక్క ప్రింటే.’

ఈ ఉత్తరం ఆ ప్రింట్ల గురించి కాదు, ఇంటర్వ్యూకి పోయొచ్చిన తర్వాతి రోజుల గురించి. మీ జిల్లా పేజీలో జాబ్ మేళా జరిగిన మర్నాడు ఫొటో వేస్తారు. ఇన్ని కంపెనీలు వచ్చాయి, ఇంతమంది హాజరయ్యారు, ఇంతమంది ఎంపికయ్యారు అని రాస్తారు. హాజరైనవాళ్ళలోంచి ఎంపికైనవాళ్ళను తీసేస్తే మిగిలినవాళ్ళు ఉన్నారు కదా, వాళ్ళకు ఎవరు ఏం చెప్పారు, ఎప్పుడు చెప్పారు అన్నది ఏ పేపర్లోనూ నేను చూడలేదు. ఎందుకంటే ఎవరూ ఏమీ చెప్పరు. ‘తెలియజేస్తాం’ అంటారు. ఆ మాట పట్టుకుని మా పిల్లోళ్ళు నెలలు గడుపుతారు.

మా చిన్నప్పుడు పెళ్ళిచూపులకు వచ్చినోళ్ళు కాఫీ తాగి, ‘ఇంటికి పోయి ఏ సంగతీ ఉత్తరం రాస్తాం’ అని లేచేవాళ్ళు. నచ్చకపోతే ఉత్తరం రాదు, నిజమే. కానీ నాలుగు రోజులకు మధ్యవర్తి వచ్చి, తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ, ‘జాతకాలు కుదర్లేదంటన్నా’ అని ఒక అబద్ధమైనా చెప్పి పోయేవాడు. ఆడపిల్ల తండ్రి ఆ పూట బాధపడి, తెల్లారి ఇంకో సంబంధం చూసుకునేవాడు. ఇప్పుడు ఉద్యోగాల్లో ఆ మధ్యవర్తి కూడా లేడు.

పోయిన ఏడాది ఆగస్టులో జరిగింది చెప్తా. పాకాల నుంచి వచ్చే ఒక అమ్మాయి, బీఎస్సీ కెమిస్ట్రీ. శ్రీసిటీలో ఒక కంపెనీ క్వాలిటీ సెక్షన్‌కు పిలిచింది. శ్రీసిటీ ఇప్పుడు మా తిరుపతి జిల్లాలోదే అయినా, పాకాల నుంచి పోవాలంటే పెద్ద ప్రయాణమే. ముందురోజే వచ్చి కొర్లగుంటలో మేనత్త ఇంట్లో పడుకుని, తెల్లారుజామున బస్సు పట్టుకుని సత్యవేడు పోయి, అక్కడి నుంచి షేర్ ఆటోలో పోయింది. రెండు రౌండ్లు అయినాయంట. చివర్లో ఒకాయన నవ్వుతూ, ‘పది రోజుల్లో తెలియజేస్తాం మా’ అన్నాడంట. ఆ నవ్వునే ఈ పిల్ల మాకందరికీ మూడుసార్లు వర్ణించింది.

పదకొండో రోజు సాయంత్రం షాపుకొచ్చింది. నేను ఎవరిదో ప్రాజెక్టుకు స్పైరల్ వేస్తా ఉన్నా. ‘అన్నా, మీ సిస్టంలో నా మెయిల్ ఒకసారి తెరిచి చూస్తారా? నా ఫోన్లో సరిగ్గా రావడం లేదేమో’ అంది. ఆ ఫోన్ బాగానే ఉంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. సరేలే అని తెరిచా. ఇన్‌బాక్స్ చూశాం, ప్రమోషన్స్ చూశాం, స్పామ్ చూశాం. స్పామ్‌లో పర్సనల్ లోన్ ఇస్తామన్న మెయిళ్ళు తప్ప ఏమీ లేదు. ‘ఇంకొక్కసారి రిఫ్రెష్ కొట్టండన్నా’ అంది. కొట్టా. చక్రం తిరిగి ఆగిపోయింది.

అసలు నష్టం ఇంకోటి ఉంది. అదే వారంలో లీలామహల్ సర్కిల్ దగ్గర ఒక ల్యాబ్‌లో నెలకు పదకొండు వేలకు రమ్మన్నారు. కంపెనీ ఉద్యోగం వస్తే మధ్యలో మానేస్తే బాగుండదని ఈ పిల్ల నిజాయితీగా పది రోజులు గడువు అడిగింది. వాళ్ళు ఐదు రోజులు చూసి ఇంకొకరిని పెట్టుకున్నారు. కంపెనీ నుంచి ఈరోజు వరకు అవుననీ లేదు, కాదనీ లేదు. ఆ పదో రోజున ‘లేదు మా’ అని ఒక్క మెసేజ్ వచ్చుంటే, ఇంకో నాలుగు ల్యాబుల్లో అప్పుడే అడిగి ఉండేది. ఆశ పెట్టుకుని ఇంకో నెల రోజులు ఎక్కడా అడగలేదు.

‘మనమే ఒక మెయిల్ పెట్టి అడుగుదాం మా’ అంటే ఎక్కువమంది వెనక్కి తగ్గుతారు. ‘అడిగితే వచ్చేది కూడా పోతుందేమో అన్నా’ అని భయం. ఇంట్లో నాయనలు కూడా, ‘ఊరికే అడిగితే చులకనైపోతావు, ఇచ్చేటోడు వాడే ఇస్తాడు’ అంటారు. నేను అట్లా అనుకోను. అనుకోకపోవడానికి నా తప్పు ఒకటి కారణం. మూడేళ్ళ కిందట ఒక డిప్లొమా పిల్లోడి బయోడేటా టైప్ చేస్తూ సెల్ నంబర్లో 6 కొట్టాల్సిన చోట 9 కొట్టా. నేనూ చూడలేదు, వాడూ చూడలేదు. ఇరవై కాపీలు తీసుకుని పోయాడు. మూడు వారాలు ఫోన్ రాలేదని దిగాలుగా తిరిగాడు. చివరికి వాడి అక్క తిట్టి పంపిస్తే కంపెనీ గేటు దగ్గరికి పోయి అడిగాడు. లోపల ఆమె రిజిస్టర్ తీసి, ‘మీకు రెండుసార్లు చేశాం, రాంగ్ నంబర్ అన్నారు’ అందంట. ఉద్యోగం ఇచ్చారు, అది వాడి అదృష్టం. వాడు స్వీట్ బాక్స్ తెచ్చిస్తే తినడానికి నాకు సిగ్గేసింది. అప్పటి నుంచి ఏ బయోడేటా అయినా ప్రింట్ తీసే ముందు ఆ నంబర్‌కు నా ఫోన్ నుంచి ఒక మిస్డ్ కాల్ ఇస్తా. మోగితేనే ప్రింట్.

కాబట్టి అడగాలి. అయితే అడగడానికి ఒక పద్ధతుంది. ఇన్నేళ్ళలో పిల్లలు పోయొచ్చి చెప్పిన మాటలు విని నేను నేర్చుకున్నదే చెప్తున్నా. ఇంటర్వ్యూ గదిలోంచి లేచే ముందే, ‘సార్, ఎప్పటిలోగా తెలుస్తుంది, ఎవరిని అడగాలి?’ అని రెండు ముక్కలు అడిగి, పేరు, మెయిల్ ఐడీ రాసుకుని రావాలి. ఇది నూటికి తొంభై మంది అడగరు, బయటికొచ్చి గేటు దగ్గర గుర్తుకు తెచ్చుకుంటారు. ఆ సాయంత్రమో మర్నాడో ఒక చిన్న మెయిల్ పెట్టాలి. తర్వాత వాళ్ళు చెప్పిన గడువు అయ్యేదాకా నోరు మూసుకోవాలి. గడువు దాటి రెండు మూడు పనిరోజులు చూసి ఒక మెయిల్, దానికి ఉలుకూ పలుకూ లేకపోతే ఇంకో వారానికి ఒక మెయిలో, పొద్దున పదకొండు ప్రాంతంలో ఒక ఫోనో. శనివారం సాయంత్రం మాత్రం వద్దు. అంతే, ఇక ఆ తర్వాత వదిలేయాలి. రోజూ వాట్సాప్‌లో ‘గుడ్ మార్నింగ్ సార్’ అని గులాబీ పువ్వులు పంపిన ఒకబ్బాయి నాకు తెలుసు. నంబర్ బ్లాక్ చేశారు. చేయరా మరి!

మెయిల్ ఇంగ్లీషులోనే కొడతాం. తెలుగులో చెప్పుకుంటే ఇంతే ఉంటుంది: ‘అయ్యా, ఫలానా తేదీన ఫలానా పోస్టుకు నన్ను ఇంటర్వ్యూ చేశారు, ధన్యవాదాలు. పది రోజుల్లో తెలియజేస్తామన్నారు. దాని సంగతి ఎంతవరకు వచ్చిందో తెలుసుకోగలనా? ఇంకేమైనా కాగితాలు కావాలంటే పంపిస్తాను. ఈ పోస్టుకు నేను సరిపోననుకుంటే ఆ మాట తెలిపినా మేలే.’ కింద పేరు, సెల్ నంబర్. పైన సబ్జెక్టులో పోస్టు పేరు, ఇంటర్వ్యూ తేదీ. ఆ ఆఖరి వాక్యం నేను చేర్చిందే. మొదట్లో పిల్లలు అది తీసేయమంటారు, అపశకునం అని. నేను తీయను. అది చూసి మొహమాటం తీరి, ‘సారీ, ఈసారికి లేదు’ అని రాసినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. అడిగినవాటిలో జవాబు వచ్చినవన్నీ కలిపినా చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు అనుకోండి.

కంపెనీల వైపు మాట కూడా వినకుండా రాయడం ధర్మం కాదని, మా షాపులో ఐడీ కార్డులు లామినేషన్ చేయించుకునే ఒక హెచ్‌ఆర్ అబ్బాయిని అడిగా. దాపరికం లేకుండా చెప్పాడు. ‘అన్నా, మేం సెలెక్ట్ చేసినోడు చేరతాడని గ్యారెంటీ ఏముంది? వాడు పాత కంపెనీలో రెండు నెలలు, మూడు నెలలు నోటీసు పీరియడ్ చేసి రావాల. ఈలోపల ఇంకో ఆఫర్ వస్తే పోతాడు. అందుకే రెండోవాడికి, మూడోవాడికి లేదని చెప్పం, చేతిలో పెట్టుకుంటాం. కొన్నిసార్లు ఇంటర్వ్యూలు అయినాక పైనుంచి ఆ పోస్టే ఆపేయమంటారు. కన్సల్టెన్సీ ద్వారా వచ్చినోళ్ళకు వాళ్ళే చెప్పుకుంటారులే అని మేం, మేం చెప్తాంలే అని వాళ్ళు.’ ఈ చివరి మాట విని ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వొచ్చే సంగతేమీ కాదు. సరే నాయనా, చేతిలో పెట్టుకో. ‘నువ్వు రెండో లిస్టులో ఉన్నావు, ఫలానా తేదీ దాకా చూసి మా నుంచి ఫోన్ రాకపోతే నీ దారి నువ్వు చూసుకో’ అని ఆ రెండోవాడికి చెప్పడానికేం? వాడి పొయ్యి ఆపి నీ పొయ్యి వెలిగించుకుంటున్నప్పుడు ఆ సంగతి వాడికి తెలియాలి కదా అని అడిగా. ‘చెప్తే ఎందుకు సెకండ్ లిస్టు అని మళ్ళా అడుగుతారన్నా’ అన్నాడు. అడగనీ.

చట్టం ఏమంటుందో కూడా కాస్త తిరగేశా. సర్కారు కొలువైతే సమాచార హక్కు చట్టం ఉంది. 2005 నుంచి అర్జీ పెట్టుకుంటే 30 రోజుల్లో జవాబు చెప్పాలి. ప్రైవేటు కంపెనీకి ఆ చట్టం తగలదు. కానీ 1959లో ఒక చట్టం చేశారు, 25 మంది, ఆపైన పనిచేసే ప్రైవేటు సంస్థలు కూడా తమ ఖాళీలను ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజికి తెలపాలని. మా నాయన కాలంలో అక్కడ పేరు నమోదు చేయించుకోవడం పెద్ద పండగ, ఆ కార్డు ఇంకా మా బీరువాలో ఉంది. ఆ చట్టం కింద 1960లో చేసిన నిబంధనల్లో, ఎవరిని తీసుకున్నారో ఆ ఫలితం 15 రోజుల్లోగా ఎక్స్ఛేంజికి తెలపాలని కూడా రాశారు. ఆఫీసుకు చెప్పాలి సరే, గంజి పెట్టిన చొక్కా వేసుకుని వచ్చి కూర్చున్నోడికి చెప్పాలని మాత్రం రాయలేదు. ఇప్పుడు ఆ చట్టాన్ని 2020 సామాజిక భద్రత కోడ్‌లో కలిపేశారు. ఉండాల్సిన ఆ ఒక్క ముక్క అందులోనూ నాకు కనపడలేదు.

ఇది అయ్యే పనేనా అంటారేమో. కెనడాలో అంటారియో అని ఒక రాష్ట్రం. మా బావమరిది కూతురు అక్కడే ఉంది, ఆ పిల్ల చెప్తేనే నాకు తెలిసింది. 2026 జనవరి 1 నుంచి అక్కడ 25 మంది, ఆపైన ఉద్యోగులున్న కంపెనీ బహిరంగంగా ప్రకటన ఇచ్చి ఇంటర్వ్యూ చేస్తే, 45 రోజుల్లోగా ఆ పోస్టు మీద నిర్ణయం తీసుకున్నదీ లేనిదీ ఇంటర్వ్యూకి వచ్చినవాళ్ళకు తెలపాలి. నలభై ఐదు రోజులు ఎక్కువే. మనకు అదైనా చాలు.

అంత దూరం ఎందుకు, మా తిరుపతిలో రోజూ చూసేదే. తిరుమల సేవలకు డిప్‌లో పేరు రిజిస్టర్ చేయిస్తే, ఫలానా రోజు డిప్ తీస్తారని ముందే చెప్తారు. ఆ రోజు దాటితే వచ్చిందో రాలేదో తేలిపోతుంది. రాకపోతే, ‘స్వామికి ఇప్పుడు మనల్ని చూడాలని లేదులే, వచ్చే నెల చూద్దాం’ అని మళ్ళా నా దగ్గరే రిజిస్టర్ చేయించి నవ్వుకుంటూ పోతారు. రాలేదని నా మీద ఎవరూ అరవలేదు. ఎప్పుడు తీస్తారో చెప్పకుండా ఉంటే రోజూ నా కౌంటర్ దగ్గరే నిలబడతారు.

ఇంకో ప్రమాదం గురించి తప్పకుండా రాయాలి. కంపెనీలు చెప్పకుండా వదిలేసిన ఆ ఖాళీలోకే దొంగలు దూరుతున్నారు. ఫలానా కంపెనీ హెచ్‌ఆర్ అని చెప్పి ఫోన్ చేస్తారు. ‘మీరు సెలెక్ట్ అయినారు, యూనిఫాం, ట్రైనింగ్ కిట్టుకు రెండున్నర వేలు కడితే ఆఫర్ లెటర్ పంపిస్తాం’ అంటారు. నెల రోజులుగా ఆ ఫోన్ కోసమే కాచుకున్న పిల్లోడు ఆలోచిస్తాడా? నా షాపులోనే ఒకడు ఆ ‘ఆఫర్ లెటర్’ కలర్ ప్రింట్ తీయించుకున్నాడు. లోగో మసగ్గా ఉంది, కింద సంతకం ఫొటో అతికించినట్టుంది. నాకు అనుమానం వచ్చి అడిగేసరికే డబ్బు పోయింది. ఉద్యోగం ఇచ్చేవాళ్ళు డబ్బు అడగరు. ఇట్లాంటివి జరిగితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆ నంబర్ ఇప్పుడు నా గోడకు అతికించి పెట్టా.

ఇంతా రాసి నా సంగతి దాచుకుంటే బాగుండదు. రెండేళ్ళ కిందట నా షాపుకే మనిషి కావాల్సి వచ్చింది. ‘టైపింగ్ తెలిసినవారు కావలెను’ అని బోర్డు పెడితే ఐదుగురు వచ్చారు. అందరికీ ‘రెండ్రోజుల్లో చెప్తాలే మా’ అన్నా. ఒకబ్బాయిని పెట్టుకున్నా. మిగతా నలుగురిని మరిచిపోయా. ఐదో రోజు సన్నగా వాన పడతా ఉంటే, ఆ నలుగురిలో ఒకామె గొడుగు మడిచి గుమ్మం పక్కన ఆనించి లోపలికొచ్చింది. ఆధార్ కార్డు తీసి, ‘ఒక జిరాక్స్ అన్నా’ అంది. నేను కొత్తగా పెట్టుకున్న అబ్బాయే తీసిచ్చాడు. రెండు రూపాయలు ఇచ్చింది. కాగితం బ్యాగులో పెట్టుకుని, జిప్ వేసుకుని, మళ్ళా తీసి, మళ్ళా వేసి, అప్పుడు ఆ అబ్బాయి వైపు చూసి, ‘తీసుకున్నారా అన్నా?’ అంది. నాకు నోరు రాలేదు. తలూపా. ‘సరేలేన్నా’ అని గొడుగు తీసుకుని పోయింది. ఆమెకు ఆ రోజు ఆధార్ జిరాక్స్ అవసరం లేదు. ఊరికే వచ్చి అడగడానికి మొహమాటపడి రెండు రూపాయల పని పెట్టుకుని వచ్చింది. నాలుగు ఫోన్లు చేయడానికి నాకేం పోయింది?

కాబట్టి నా మనవి పెద్దదేం కాదు. జాబ్ మేళాలు పెట్టే నైపుణ్యాభివృద్ధి సంస్థ వాళ్ళు, ఉపాధి కార్యాలయం వాళ్ళు, కాలేజీ ప్లేస్‌మెంట్ సార్లు, స్టాల్ ఇచ్చే ముందే కంపెనీల దగ్గర ఒక మాట తీసుకోవాలి. ఫలితం ఏ తేదీకి చెప్తారో ఆ స్టాల్ ముందే రాసి పెట్టాలి. మేళాకు వచ్చినవాళ్ళందరికీ ఆ తేదీకి మెసేజ్ పోవాలి, ఉద్యోగం రానివాళ్ళకు కూడా. నంబర్లన్నీ మేళాలో వాళ్ళ రిజిస్టర్లోనే ఉంటాయి. ఒకేసారి వెయ్యి మందికి మెసేజ్ పంపే ఏర్పాటు ఈ రోజుల్లో చీరల షాపులకే ఉంది, ఆషాఢం తగ్గింపు వచ్చిందంటే మా ఇంట్లో నాలుగు ఫోన్లూ మోగుతాయి. మీ పత్రిక కూడా మేళా ఫొటో వేసేటప్పుడు, ఫలితం ఎప్పుడు చెప్తారని ఆ కంపెనీలను ఒక్క ప్రశ్న అడిగి ఆ తేదీ కూడా అచ్చు వేయండి. అచ్చులో పడ్డ తేదీ అంటే వాళ్ళకు కాస్త జంకు ఉంటుంది.

పోయిన నెల నా దగ్గర పనిచేసే అబ్బాయికి బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. మళ్ళా బోర్డు పెట్టా. ఈసారి కింద ఇంకో లైను కొట్టా: ‘20వ తేదీలోగా అందరికీ ఫోన్ చేసి చెప్తాం.’ తొమ్మిది మంది వచ్చారు. 19న మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు కూర్చుని ఎనిమిది మందికి చేశా. మధ్యలో టీ తాగినా అరగంట కాలేదు. ఒకరు ఎత్తలేదు, మెసేజ్ పెట్టా. ఒకామె ‘సరేన్నా’ అని పెట్టేసింది. ఇంకొకబ్బాయి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ‘అయితే ఆ సర్టిఫికెట్ల జిరాక్సులు తిరిగిస్తారా అన్నా? రేపు రేణిగుంటలో ఇంకో ఇంటర్వ్యూ ఉంది, మళ్ళా పదహారు రూపాయలు దేనికి’ అన్నాడు. కవర్లో పెట్టి కౌంటర్ మీద ఉంచా. సాయంత్రం వచ్చి తీసుకుపోయాడు.

ఇట్లు,
ఒక డీటీపీ షాపు యజమాని,
బాలాజీ కాలనీ, తిరుపతి.

(పేరు వేయొద్దని మనవి. వేస్తే ఈ పిల్లలెవరో మా వీధిలో అందరికీ తెలిసిపోతుంది.)